ఇంటర్‌సెప్టర్ 650కి సైలెన్సర్లు, ఫిల్టర్ మార్చాక కుదుపు, టపటప: రీమ్యాప్ చేయించాల్సిందేనా?

రాజమండ్రి_ట్విన్:

అందరికీ నమస్తే. బండి రాయల్ ఎన్‌ఫీల్డ్ ఇంటర్‌సెప్టర్ 650, బీఎస్6, 2021 మోడల్. ఈమధ్య కంపెనీ సైలెన్సర్లు తీసి స్లిప్-ఆన్‌లు (బెండు పైపు చివర తొడిగే వేరే సైలెన్సర్లు) వేయించాను, బెండు పైపులు మాత్రం కంపెనీవే. అదే రోజు పేపర్ ఫిల్టర్ బదులు ఉతికి వాడుకునే కాటన్ ఫిల్టర్ పెట్టారు. గాలి ఇంకా బాగా ఆడుతుందని ఎయిర్ బాక్స్ మూతి దగ్గర ఉండే ప్లాస్టిక్ గొట్టం కూడా పీకేశారు.

సౌండ్ చాలా బాగుంది. 4500 ఆర్‌పీఎం దాటాక లాగుడు కూడా బాగానే ఉంది. సమస్యంతా కింద. నాలుగో గేర్లో 2500-3500 మధ్య కొద్దిగా రేస్ పట్టుకుని నెమ్మదిగా పోతుంటే వెనక నుంచి ఎవరో పట్టి లాగి వదిలినట్టు కుదుపు. రేస్ వదలగానే టపటపా పేలుతోంది, ముఖ్యంగా దివాన్‌చెరువు దగ్గర హైవే దిగి ఊళ్లోకి వచ్చేటప్పుడు జనం తిరిగి చూస్తున్నారు. ఎడమ బెండు పైపు కుడిదానికంటే ఎక్కువ నీలం తిరిగింది. మైలేజీ పడిపోయింది. చెక్ లైట్ మాత్రం వెలగలేదు.

ముగ్గురిని అడిగితే ముగ్గురూ మూడు మాటలు చెప్పారు. ఒకాయన ఈసీయూ (ఇంజన్ కంప్యూటర్) మొత్తం రీమ్యాప్ చేయాలన్నాడు, అంటే అందులోని పెట్రోల్ పట్టిక (మ్యాప్) మార్చాలని, ఇంకొకాయన పిగ్గీబ్యాక్ బాక్స్ (ఈసీయూ వైర్ల మధ్య తగిలించే చిన్న పెట్టె) పెడితే చాలన్నాడు, మూడో ఆయన ఆక్సిజన్ సెన్సార్లు పీకేసి డమ్మీ పెట్టెయ్, కుదుపు పోతుందన్నాడు. దేనికీ వేలకు వేలు తక్కువ కాదు. ఎండలు కూడా ముదురుతున్నాయి, ఇంజన్ లీన్‌లో (గాలి ఎక్కువ, పెట్రోల్ తక్కువ) నడిచి ఏమైనా అవుతుందేమోనని టెన్షన్‌గా ఉంది. ఎక్కడ మొదలుపెట్టాలి?

ఆటోనగర్_సీను:

అన్నా, ముందు ఆ మూడో ఆయన మాట వదిలెయ్. సెన్సార్ పీకితే కుదుపు పోయినట్టే ఉంటుంది, ఎందుకంటే ఈసీయూ ఇక సరిదిద్దుకోవడం మానేసి గుడ్డిగా పెట్రోల్ పోస్తుంది. డమ్మీ సరిపడకపోతే చెక్ లైట్ కూడా వెలగొచ్చు, మైలేజీ ఇంకా పోతుంది, కొన్నాళ్లకు క్యాట్ (పైపులో పొగను శుభ్రం చేసే భాగం) కూడా పాడవుతుంది.

నీ పోస్టులో నాకు కొట్టొచ్చినట్టు కనబడింది ఎడమ పైపే ఎక్కువ నీలం తిరగడం. మ్యాప్ తేడా అయితే రెండు వైపులా ఉండాలి. ఒక్క వైపే తేడా ఉందంటే అది ఫిట్టింగ్ లోపం అయ్యే అవకాశమే ఎక్కువ. స్లిప్-ఆన్‌లు వేసేటప్పుడు రెండు సైలెన్సర్లూ ఒకే లైనులో రావడానికి బెండు పైపు నట్లు హెడ్ దగ్గర లూజు చేస్తారు. లూజు చేశాక అక్కడి ప్యాకింగ్ కొత్తది వేయాలి. నలిగిన పాతదే పెట్టి బిగిస్తే బయటికి బాగానే కనబడుతుంది, వేడెక్కాక గాలి లాగుతుంది.

ఇంజన్ పూర్తిగా చల్లారాక, పొద్దున్నే స్టార్ట్ చేయకముందు, టార్చ్ వేసి హెడ్‌కీ బెండు పైపుకీ మధ్య ఆ అంచు చుట్టూ చూడు. సన్నగా నల్ల చార, మసి తగిలినట్టు ఉంటే అదే లీకు. లేకపోతే సబ్బు నీళ్లు పూసి చల్లగా ఉండగానే స్టార్ట్ చేసి, వెనక ఎవరినైనా మందపాటి తడిగుడ్డతో సైలెన్సర్ మూతి కాసేపు సగం మూయమను, బుడగలు వస్తాయి. పది ఇరవై సెకన్లలో అయిపోవాలి, పైపు వేడెక్కాక చెయ్యి పెట్టొద్దు.

ఇంకోటి. ఎయిర్ బాక్స్ కదిపారన్నావు కదా, త్రాటిల్ బాడీలకు (రేస్ తిప్పితే ఇంజన్‌లోకి గాలి వదిలే భాగాలు) ఉండే రబ్బరు బూట్లు సరిగ్గా కూర్చున్నాయో లేదో చూడు. పాత బండ్లలో ఈ రబ్బరు గట్టిపడి ఉంటుంది, ఒక అంచు మడత పడినా క్లిప్ బిగుసుకుంటుంది. చూసేవాడికి బిగిసినట్టే ఉంటుంది, ఆ మడత సందులోంచి ఫిల్టర్ దాటకుండానే గాలితో పాటు దుమ్ము కూడా లోపలికి పోతుంది. మిక్స్చర్ సంగతి అలా ఉంచు, దుమ్ము పోతే రింగులు అరిగిపోతాయి.

ఈ రెండూ చూడకుండా ఎవడు మ్యాప్ చేసినా లీకుకి మ్యాప్ చేసినట్టే. తర్వాత లీకు బాగుచేస్తే మళ్లీ మొదటికొస్తుంది.

లాంబ్డా_ఒకటి:

సీను చెప్పింది నూటికి నూరు పాళ్లు కరెక్ట్. దాని వెనక ఏం జరుగుతుందో కొంచెం వివరంగా రాస్తాను, నా రోజువారీ పని ఇంజన్ క్యాలిబ్రేషనే.

చాలా కార్లలో లోపలికి వెళ్లే గాలిని నేరుగా కొలిచే సెన్సార్ ఉంటుంది. మన 650లో అది లేదు. త్రాటిల్ ఎంత తెరిచారు, ఇంజన్ ఎంత తిరుగుతోంది, ఇన్‌టేక్‌లో ప్రెషర్ ఎంత, గాలి ఎంత వేడిగా ఉంది, వీటిని చూసి ఫ్యాక్టరీలో నింపిన పట్టిక ప్రకారం ఇంజెక్టర్ ఎన్ని మిల్లీసెకన్లు తెరవాలో ఈసీయూ లెక్క వేసుకుంటుంది. అంటే నువ్వు ఫిల్టర్ మార్చావని దానికి ఎవరూ చెప్పరు. దానికి తెలిసే దారి ఒక్కటే, పైపులో ఉన్న ఆక్సిజన్ సెన్సార్. 650లో రెండు పైపులకూ చెరొకటి ఉంటుంది.

ఆ సెన్సార్ చెప్పేది చాలా తక్కువ. రిచ్చా (పెట్రోల్ ఎక్కువ), లీనా, అంతే. 0.45 వోల్టు గీత అనుకుంటే 0.1 దగ్గర ఉంటే లీన్, 0.8-0.9 దగ్గర ఉంటే రిచ్. ఎంత రిచ్, ఎంత లీన్ అనేది దానికి రాదు. హైవే మీద ఒకే వేగంతో పోతున్నప్పుడు ఈసీయూ దీని మాట వింటూ పెట్రోల్ కొంచెం పెంచుతూ, కొంచెం తగ్గిస్తూ లాంబ్డా 1 (పెట్రోల్ కాలడానికి సరిగ్గా సరిపడే గాలి; అంతకంటే తక్కువైతే రిచ్) దగ్గర నిలబెడుతుంది. ఫుల్ రేస్ ఇచ్చినప్పుడు మాత్రం సెన్సార్ మాట పక్కన పెట్టి పట్టికలో ఉన్నదే పోస్తుంది, ఎందుకంటే పవర్ కోసం, చల్లదనం కోసం అక్కడ 0.86 నుంచి 0.90 దాకా రిచ్‌గా ఉండాలి. ఆ ప్రాంతంలో ఇంజన్ లీన్‌గా ఉన్నా ఈ సెన్సార్ కాపాడదు.

ఇప్పుడు సీను చెప్పిన లీకు తీసుకో. హెడ్ దగ్గర, అంటే సెన్సార్‌కి ముందే, బయటి గాలి పైపులోకి వచ్చింది. సెన్సార్‌కి ఆక్సిజన్ ఎక్కువ కనబడి లీన్ అంటుంది. నిజానికి లోపల మిక్స్చర్ బాగానే ఉంది. ఈసీయూ అది నమ్మి ఎడమ సిలిండర్‌కి పెట్రోల్ పెంచుతుంది. పెరిగిన పెట్రోల్ కాలకుండా పైపులోకి వచ్చి, లీకు గాలి తగిలి అక్కడ మండుతుంది. అందుకే టపటప, అందుకే ఎడమ పైపు నీలం, అందుకే మైలేజీ కూడా పోయింది. లీన్ అయితే మైలేజీ ఇంతగా పడకూడదు. ఇక ఒక సిలిండర్ రిచ్‌గా, ఇంకోటి మామూలుగా లాగుతుంటే తక్కువ రేస్ మీద కుదుపు రాకుండా ఎలా ఉంటుంది? అన్ని లక్షణాలూ ఒకే చోటికి వస్తున్నాయి.

స్లిప్-ఆన్‌లు మాత్రమే వేసి ఉంటే మ్యాప్ ముట్టుకోనక్కర్లేదనేవాణ్ణి. ఈసీయూ సర్దుకోగలిగే పరిధి ఒకటి ఉంటుంది, మామూలుగా స్లిప్-ఆన్ దాన్ని దాటదు. కానీ ఎయిర్ బాక్స్ గొట్టం తీసేయడం వేరే సంగతి. ఆ ప్లాస్టిక్ గొట్టం శబ్దం తగ్గించడానికే పెట్టారనుకుంటారు చాలామంది. దాని పొడవు, లావు బట్టి ఏ ఆర్‌పీఎం దగ్గర గాలి బాగా నిండుతుందో కూడా మారుతుంది. అది తీస్తే పైన కొంచెం పెరిగినట్టుండి, 2500-3500 దగ్గర తగ్గడం మామూలే. నువ్వు రోజూ నడిపేది అక్కడే కదా.

ఇ20 (20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోల్) సంగతి కూడా చెప్పాలి. మామూలు పెట్రోల్ పూర్తిగా కాలడానికి ఒక వంతుకి 14.7 వంతుల గాలి కావాలి, ఇథనాల్‌కి 9 చాలు. 20 శాతం కలిపితే అది సుమారు 13.5 అవుతుంది. 10 శాతం కలిపినదానికి సుమారు 14.1. అంటే అదే గాలికి 4 శాతం దాకా ఎక్కువ ఇంధనం పోయాలి. హైవే వేగంలో సెన్సార్ చూసుకుంటుంది, అది లాంబ్డానే చూస్తుంది కాబట్టి ఇంధనం ఏదైనా దానికి ఒకటే. ఫుల్ రేస్‌లో మాత్రం పట్టిక ఆ 10 శాతం పెట్రోల్‌కి నింపినదైతే ఆ నాలుగు శాతం లీన్ వైపు పోతుంది. దానిమీద గొట్టం తీసిన గాలి. మన ఎండల్లో, గాలితో నూనెతో చల్లబడే ఇంజన్‌తో, ఇద్దరు ఎక్కి నిండా లగేజీతో ఎదురుగాలికి పోయేటప్పుడు నాకు నచ్చని కాంబినేషన్ ఇది.

క్లాసిక్_పాతకాపు:

నాది క్లాసిక్ 350, 2012, కార్బ్యురేటర్ బండి. ఇంజెక్షన్ వాళ్లకు నేరుగా పనికిరాకపోవచ్చు గానీ ఇక్కడ చదివేవాళ్లలో పాత బుల్లెట్ల వాళ్లు చాలామంది ఉన్నారు కాబట్టి రాస్తున్నా.

మా దగ్గర కంప్యూటర్ లేదు, ఇత్తడి జెట్లున్నాయి. ఐడ్లింగ్ నుంచి పావు రేస్ దాకా పైలట్ జెట్టుదీ మిక్స్చర్ స్క్రూదీ పెత్తనం, పావు నుంచి ముప్పావు దాకా నీడిల్‌ది, ఆపైన మెయిన్ జెట్టుది. ఏ జెట్టు మార్చాలో తెలియాలంటే ముందు ఎక్కడ ఇబ్బంది పెడుతోందో తెలియాలి. హ్యాండిల్ గ్రిప్ మీద తెల్ల టేపు అంటించి, పక్కన స్విచ్ డబ్బా మీద పావు, సగం, ముప్పావు గీతలు పెట్టండి. ఖాళీ రోడ్డు మీద మూడో గేరులో ఒక్కో గీత దగ్గర కాసేపు పట్టుకుని నడపండి. సగం దగ్గర పీకుతుంటే మెయిన్ జెట్టు పెంచి లాభం లేదు, నీడిల్ కింద సన్నని వాషర్ వేసి పైకి లేపాలి. చాలామంది సైలెన్సర్ మార్చగానే షాపుకి పోయి పెద్ద మెయిన్ జెట్టు అడుగుతారు. ఊళ్లో ముప్పావు రేస్ ఎవరు ఇస్తారండీ?

పూర్తి రేస్ చూడాలంటే కొత్త ప్లగ్గు వేసి, ఫుల్ రేస్‌లో కాసేపు లాగి, క్లచ్ పట్టుకుని అక్కడికక్కడే ఇంజన్ ఆపి ప్లగ్గు విప్పి చూడాలి. నెమ్మదిగా ఇంటిదాకా నడుపుకొచ్చి చూస్తే కనబడేది ఐడ్లింగ్ రంగే. లోపల పింగాణీ బిస్కెట్ రంగులో ఉంటే సరే, సున్నంలా తెల్లగా ఉంటే లీన్, మసి పట్టి నల్లగా పొడిగా ఉంటే రిచ్. ఈ ఇథనాల్ పెట్రోల్ వచ్చాక ప్లగ్గు రంగు మునుపటిలా స్పష్టంగా రావడం లేదు, కొంచెం తెల్లగానే కనబడుతోంది. అందుకని రంగు ఒక్కటే నమ్మి జెట్టు పెంచుకుంటూ పోకండి.

ఇంకో మాట, కార్బ్యురేటర్ బండికి కొండ ఎక్కినా మిక్స్చర్ మారుతుంది. అరకు ఘాట్ ఎక్కితే గాలి పలచబడి బండి రిచ్ అవుతుంది. కింద సముద్రం పక్కన కరెక్టుగా పెట్టుకుంటే పైన కొంచెం బరువుగా లాగడం సహజమే. దానికి మళ్లీ స్క్రూ తిప్పక్కర్లేదు.

రాజమండ్రి_ట్విన్:

సీను తమ్ముడూ, లాంబ్డా గారూ, ఇద్దరికీ చాలా థ్యాంక్స్. పొద్దున్నే టార్చ్ వేసి చూశాను. ఎడమ హెడ్ దగ్గర, పైపు కాలర్ కింద వైపు, అర్ధచంద్రాకారంలో నల్ల చార స్పష్టంగా ఉంది. కుడివైపు శుభ్రంగా ఉంది. మెకానిక్‌ని ఇంటికి పిలిచి రెండు వైపులా ప్యాకింగ్‌లు కొత్తవి వేయించి, నట్లు ఒకేసారి కాకుండా కొంచెం కొంచెం అటూ ఇటూ బిగించాం. విప్పినప్పుడు చూస్తే ఎడమ ప్యాకింగ్ ఒక పక్క పల్చగా, ఒక పక్క మందంగా నలిగిపోయి ఉంది. రబ్బరు బూట్లు మాత్రం సరిగ్గానే ఉన్నాయి.

టపటప దాదాపు పోయింది, గేరు దించినప్పుడు ఎప్పుడైనా ఒకటీ అరా. కుదుపు సగానికి తగ్గింది గానీ 3000 దగ్గర ఇంకా కొంచెం బోలుగా అనిపిస్తోంది. గొట్టం వెనక్కి పెట్టి చూడాలా? పెడితే కాటన్ ఫిల్టర్ ఉంచొచ్చా?

ఇంకో డౌటు. ఆన్‌లైన్‌లో చవగ్గా ఒక చిన్న ప్లగ్ లాంటిది దొరుకుతోంది, గాలి ఉష్ణోగ్రత సెన్సార్ వైరుకి తగిలించేది. అదేమైనా పనికొస్తుందా?

లాంబ్డా_ఒకటి:

గొట్టం వెనక్కి పెట్టు. ఖర్చు లేని పని. ఫిల్టర్ ఉంచొచ్చు, కాకపోతే నూనె ఎక్కువ పూయొద్దు, సన్నటి దుమ్ముండే దారుల్లో తిరిగేవాళ్లకు నేనైతే కంపెనీ పేపర్ ఫిల్టరే చెబుతాను. ఈ ఇంజన్ ఇచ్చేది 47 హార్స్‌పవర్, ఆ మాత్రానికి కావలసిన గాలిని శుభ్రంగా ఉన్న కంపెనీ ఫిల్టర్ ఆపదు.

ఆ ప్లగ్ చేసేది ఇదీ: 40 డిగ్రీల గాలిని 20 డిగ్రీలని ఈసీయూకి చెబుతుంది. చల్లగాలి చిక్కగా ఉంటుంది కాబట్టి ఈసీయూ సుమారు 6-7 శాతం పెట్రోల్ పెంచుతుంది. ఫుల్ రేస్‌లో ఆ పెరుగుదల నిలుస్తుంది. నీకు ఇబ్బంది ఉన్న 3000 దగ్గర మాత్రం ఆక్సిజన్ సెన్సార్ రిచ్ అని చెప్పి, ఈసీయూ దాన్ని మళ్లీ తగ్గించేస్తుంది. కొన్నవాళ్లకు మొదటి రోజు తేడా తెలిసి తర్వాత మామూలైపోయిందనిపించడానికి కారణం ఇదే. నీకు దానివల్ల లాభం తక్కువ.

పిగ్గీబ్యాక్ బాక్సులు వేరు, అవి ఇంజెక్టర్ సమయాన్ని చోటు చోటుకీ మార్చగలవు. బెంగళూరు నుంచి వచ్చే పవర్‌ట్రానిక్ లాంటివాటితో ఇగ్నిషన్ కూడా కదపొచ్చు. వస్తువు మంచిదే, అందులో పోసే మ్యాప్ నీ బండి మీద కొలిచి చేసినదా, ఎవరి బండిదో తెచ్చి ఎక్కించినదా అన్నదే ప్రశ్న.

ఆటోనగర్_సీను:

అన్నా, గొట్టం పెట్టాక కూడా బోలుగా ఉంటే రెండు త్రాటిల్ బాడీలూ సమంగా లాగుతున్నాయో లేదో వాక్యూమ్ గేజ్ పెట్టించి చూడు. ట్విన్ బండ్లలో ఒకటి కొంచెం ముందు, ఒకటి వెనక ఉంటే తక్కువ రేస్ మీద ఇలాగే ఉంటుంది. ఎయిర్ బాక్స్ విప్పి పెట్టేటప్పుడు ఎవడైనా అక్కడ స్క్రూ కదిపి ఉండొచ్చు.

బెజవాడ_రూల్స్:

ట్యూనింగ్ సంగతి పెద్దలు చెప్పారు, నేను పోలీసుల సంగతి చెబుతా. ఆ స్లిప్-ఆన్‌లలో డీబీ కిల్లర్ (శబ్దం తగ్గించే లోపలి ముక్క) ఉందా, పీకేశారా? ఉంటే దయచేసి పెట్టే ఉంచండి. మోటారు వాహనాల చట్టం 190(2) కింద శబ్దం, కాలుష్యం కేసులో మొదటిసారికే 10 వేల దాకా జరిమానా వేయొచ్చు, లైసెన్స్ కూడా మూడు నెలలు పోవచ్చు. విశాఖలో పట్టుకున్న సైలెన్సర్లను వరసగా పేర్చి రోడ్ రోలర్‌తో తొక్కించారు, వీడియోలు అందరూ చూసే ఉంటారు. ఆస్పత్రుల ముందు, రాత్రిపూట కాలనీల్లో ఆ శబ్దం ఎంత నరకమో మంచంమీద ఉన్నవాళ్లకు తెలుస్తుంది. కంపెనీ సైలెన్సర్లు అమ్మేయకుండా అటకమీద పెట్టుకోండి. వారంటీ ఉన్నవాళ్లు ఈసీయూ ముట్టుకునేముందు ఒకసారి కాగితాలు చదవండి.

రాజమండ్రి_ట్విన్:

డీబీ కిల్లర్లు రెండూ ఉన్నాయండి, తీయలేదు, తీయను కూడా.

గొట్టం వెనక్కి పెట్టాను. 3000 దగ్గర బోలు పోయింది, నాలుగో గేరులో 40-50 మీద నిదానంగా పోతుంటే కంపెనీ నుంచి వచ్చినప్పటిలా ఉంది. పైన కొంచెం తగ్గుతుందనుకున్నా, నాకైతే తేడా తెలియలేదు. మైలేజీ ఇంకో ట్యాంకు కొడితే గానీ చెప్పలేను. వాక్యూమ్ గేజ్ పెట్టించి చూశాం, రెండూ సమంగానే ఉన్నాయి.

ఇక మిగిలింది ఫుల్ రేస్ సంగతి. నెలాఖరుకి ఫ్రెండ్‌తో కలిసి హైదరాబాద్ వెళ్తున్నా, అక్కడ డైనో (బండిని రోలర్ మీద నడిపి కొలిచే యంత్రం) ఉన్న చోట ఒకసారి చూపించుకుందామని. వాళ్లను ఏం అడగాలి?

లాంబ్డా_ఒకటి:

ముందు మ్యాప్ చేయొద్దు, కొలిచి చూపించండి చాలు అని అడుగు. వైడ్‌బ్యాండ్ సెన్సార్ (ఎంత రిచ్, ఎంత లీన్ అనేది కూడా చెప్పేది) పెట్టి ఎడమ, కుడి పైపులు విడివిడిగా కొలవాలి. సైలెన్సర్ చివర గొట్టం దూర్చి కొలిస్తే బయటి గాలి కలిసి లీన్‌గా చూపించే ప్రమాదం ఉంది, తక్కువ ఆర్‌పీఎంలో మరీ ఎక్కువ. రీడింగు లాంబ్డాలో చూపించమను. మీటర్ మీద 13 అని కనబడితే అది 14.7 స్కేల్ మీద లెక్క, ఇ20లో నిజంగా పోతున్న నిష్పత్తి అది కాదు, ఆ గందరగోళం మనకెందుకు.

ట్యాంకులో నువ్వు రోజూ కొట్టించే పెట్రోలే ఉంచు. హైదరాబాద్‌లో ప్రీమియం కొట్టించి ట్యూన్ చేయించుకుని రాజమండ్రి వచ్చి మామూలుది కొట్టిస్తే ఆ కొలతకు అర్థం లేదు. ఇంజన్ బాగా వేడెక్కాక కొలవాలి, ఎదురుగా పెద్ద ఫ్యాన్ ఉండాలి.

ఫుల్ రేస్‌లో 4000 నుంచి 7000 దాకా రెండు వైపులా 0.90 లోపు ఉంటే డబ్బులిచ్చి వచ్చెయ్, ఏ బాక్సూ కొనక్కర్లేదు. 0.95 దాటుతుంటే అప్పుడు పెట్రోల్ పట్టిక సరిచేయించు, ఇగ్నిషన్ కంపెనీది కంపెనీదిలాగే వదిలేయమను. మ్యాప్ చేస్తే మాత్రం ఫుల్ రేస్ ఒక్కటే లాగి గ్రాఫ్ చేతిలో పెడితే ఒప్పుకోవద్దు. పావు, సగం రేస్‌లో కూడా చోటు చోటున నిలబెట్టి కొలవాలి, దానికి గంటలు పడుతుంది. పాత మ్యాప్ కాపీ ఒకటి నీ దగ్గర ఉంచుకో. గ్రాఫ్ వచ్చాక ఇక్కడ పెట్టు, ఆర్‌పీఎం, లాంబ్డా రెండూ కనబడేలా.